ఒక్క కిడ్నీ పిల్ల

మహబూబాబాద్ బస్టాండ్‌లో మిథున్ తడిసిన గొడుగు దులిపితే, నీళ్లన్నీ పక్కనున్న అమ్మాయి ముఖాన పడ్డాయి.

"కండ్లు కనవడ్తలేవా?"

"సారీ, చూస్కోలే."

"గొడుగేమో నీది, వానేమో నాకా?"

మిథున్‌కు నవ్వు ఆగలేదు. ఆమె కోపంగానే చూసింది కానీ, పెదవుల చివర నవ్వు దాగలేదు.

అలా మొదలైంది. దీపది మరిపెడ దగ్గర తండా, టీచర్. మిథున్‌ది చిట్యాల, జనగామలో బ్యాంకు ఉద్యోగం. తండా పిల్ల మనకెందుకని గొణిగిన తల్లి సరోజనను అతను పెళ్లికి ఎలాగో ఒప్పించాడు.

అప్పుడే, దీప 'యాడీ' అని పిలిచే ఆమె తల్లికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి.

"మా యాడికి నాది సరిపోయింది మిథున్. ఇస్తున్న," అంది దీప ఫోన్‌లో.

"ఒక్కదానితోని ఎట్ల బతుకుతవ్?"

"మంచిగనే బతుకుత. డాక్టర్ చెప్పిండు."

"వాళ్లట్లనే చెప్తరు. మా అమ్మ పరేషాన్ అయితుంది. రేపు పిల్లలు పుట్టరంట గద?"

"ఎవలన్నరు?"

"అందరంటున్నరు."

"నువ్వేమంటున్నవ్?"

"ఆపరేషన్ అయినంక చూద్దాం తియ్."

దీప ఫోన్ పెట్టేసింది.

చుట్టాలు ఆమెకు 'ఒక్క కిడ్నీ పిల్ల' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. మిథున్ వాళ్లను ఆపలేదు. ఆపరేషన్ రోజు హైదరాబాద్ దవాఖానకు బయల్దేరబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

మరుసటి ఏడు బ్యాంకుకు ఒక కిడ్నీ డాక్టర్ వచ్చాడు. తెలిసినామె గురించంటూ మిథున్ అడిగేశాడు.

"ఆరోగ్యం అన్ని తీర్ల చూసినంకనే తీసుకుంటం. ఒక్కటి చాలు బతకనీకి. ఏడాది ఆగి పిల్లల్ని కనొచ్చు, చెకప్‌లు తప్పొద్దు, అంతే," అన్నాడాయన.

ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే దీప చెల్లెలు ఎత్తింది.

"అక్క పెండ్లయిపోయింది, అన్నా."

మొన్న ఎండాకాలం మహబూబాబాద్ స్టేషన్‌లో, పసిపాపతో సతమతమవుతున్న ఒక పెద్దావిడ మిథున్‌ను పిలిచింది. "జర పట్టుకో కొడుకా, కొంగు సదురుకుంట."

పాప అతని చొక్కా గుండీ పట్టుకుని లాగసాగింది.

"యాడీ!"

నీళ్ల సీసాతో వస్తున్న దీప అతన్ని చూసి ఆగిపోయింది.

"నీ బిడ్డనా?" అడిగాడు మిథున్.

"ఆఁ."

"తప్పు చేసిన దీపా. అప్పుడే డాక్టర్‌ను అడగాల్సుండె."

"డాక్టర్ దాంక ఎందుకు? నేను చెప్పిన గద," అంది దీప నెమ్మదిగా. "దవాఖానల ఉన్నన్ని దినాలు తలుపు దిక్కే చూసిన, నువ్వొస్తవని."

రైలు వచ్చి ఆగింది. ముందు బోగీ దగ్గర సంచులతో ఉన్న ఆమె భర్త రాకేశ్ చెయ్యి ఊపాడు. దీప పాపను అందుకుంది.

"ఎవలు బిడ్డా ఈ పిలగాడు?"

"తెలిసినాయనే, యాడీ."

"సల్లగుండు కొడుకా," అంటూ ఆ తల్లి మిథున్ తల నిమిరి, దీప వెంట గబగబా నడిచి వెళ్లి రైలెక్కింది.

రైలు కదిలిపోయింది. తనెక్కాల్సిందీ ఆ రైలేనని, ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యాక గానీ మిథున్‌కు గుర్తు రాలేదు.