పిచ్చుక ఆగిన రోజు

“ఆ కారు మీరెప్పుడైనా నడిపారా?”

ఫోనెత్తగానే హలో లేదు, నమస్కారం లేదు. నేరుగా ప్రశ్న. అడిగింది ఓ అమ్మాయి. గొంతులో కోపం ఉన్నా మాట మాత్రం ముత్యంలా స్పష్టంగా ఉంది.

వారపత్రికలో కార్ల పేజీ రాసే అతనికి ఇలాంటి ఫోన్లు కొత్తేం కాదు. కుర్చీలో వెనక్కి వాలి, “ఏ కారండీ?” అన్నాడు తాపీగా.

“పోయిన వారం మీరు ఉతికి ఆరేసిన కారు. ‘చవకగా వస్తుంది, నడిరోడ్డు మీద వదిలేస్తుంది’ అని రాశారే, ఆ పాత చిన్న కారు.”

“ఓ, అదా! అది నా సొంత అభిప్రాయం కాదండీ. ఆ కారున్న ముప్ఫై ఎనిమిది మంది రాసిన ఉత్తరాలు చదివి...”

“అంటే నడపలేదు.”

“...నడపలేదు.”

“నా దగ్గరుంది. దాని వయసు పదమూడేళ్ళు. సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడేళ్ళయింది. ఒక్కసారి కూడా నన్ను రోడ్డు మీద వదల్లేదు. మీ పేజీ చదివినప్పట్నుంచీ మా నాన్న దాని తాళాలు జేబులో వేసుకుని తిరుగుతున్నారు. అమ్మేస్తానంటున్నారు.”

“కారు మీదే కదండీ?”

“కారు నాదే. ఆయన బెంగ మాత్రం నాది కాదా? ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. అచ్చులో పడ్డదంతా నిజమనుకుంటారు. పైగా మీ పేజీలో మూడు అచ్చుతప్పులున్నాయట, అది వేరే సంగతి.” ఆమె ఊపిరి తీసుకుంది. “శుక్రవారం ఒక్కరోజు తాళాలు ఇస్తారట. మీరు పక్కన కూర్చుని రోజంతా తిరిగి, సాయంత్రం ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాలి. వస్తారా, లేక ఉత్తరాలే చదువుకుంటారా?”

అలా అడిగితే ఎవడు రానంటాడు?

శుక్రవారం పొద్దున్నే వాన. ఆఫీసు మెట్ల కింద ఓ బూడిదరంగు కారు వచ్చి ఆగింది. బానెట్ మీద రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. అందులోంచి గొడుగుతో దిగిన అమ్మాయిని చూసి, ఫోన్లో గొంతుకి తను ఊహించుకున్న మొహాన్ని అతను వెంటనే రద్దు చేసుకున్నాడు. తను ఊహించింది కళ్ళద్దాల హెడ్‌మిస్ట్రెస్‌ని. ఈమెవి పెద్ద పెద్ద కళ్ళు. వాటిలో నవ్వు రాబోయి, కోపం గుర్తొచ్చి ఆగిపోయింది.

“ఎక్కండి రైటర్ గారూ. దీని పేరు పిచ్చుక.”

వెళ్తూ వెళ్తూ తన పని చెప్పింది. చెవి మిషన్ల షాపులో ఉద్యోగం. షాపుదాకా రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళి, మిషన్లు అమర్చి, సరిచేసి వస్తుంది. కారు లేకపోతే షాపులో కుర్చీకి అతుక్కోవాలి. ఆ ముసలివాళ్ళ దగ్గరికి ఇంకెవరూ వెళ్ళరు.

మొదటి ఇంటి ముందు కారాగింది. అతను దిగబోయాడు. తలుపు రాలేదు. భుజంతో నెట్టాడు. ఊహూఁ.

“అది లోపల్నుంచి తెరుచుకోదు,” అంటూ ఆమె దిగి, వానలో చుట్టూ తిరిగొచ్చి, గొడుగు పట్టి తలుపు తీసింది. “దయచేయండి దొరగారూ.”

“ఇది రాసుకోవచ్చా?”

“రాసుకోండి. తలుపు మొండికేస్తుంది. ఇంజిన్ మొండికెయ్యదు.”

లోపల రిటైరైన టీచరమ్మ ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నెల్లాళ్ళ కిందట ఆవిడ మిషన్ ఈల వెయ్యడం మొదలెట్టిందట. చిరాకేసి తీసి డ్రాయర్లో పడేసింది. అమ్మాయి దాన్ని శుభ్రం చేసి, చెవిలో ఇమిడే భాగం మార్చి, జాగ్రత్తగా పెట్టింది. టీచరమ్మ ఒక్క క్షణం కదలకుండా కూర్చుంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, “వాన పడుతోందే!” అంది చిన్నపిల్లలా. నెల్లాళ్ళుగా వానని చూస్తూనే ఉంది కానీ వినడం అదే మొదలు.

అతను నోట్‌బుక్ తీసి ‘వాన పడుతోందే’ అని రాసుకున్నాడు.

“ఇంతకీ నువ్వెవరు బాబూ? ఈ పిల్ల మొగుడివా?”

“అయ్యో, కాదండీ!” ఇద్దరూ ఒకేసారి అన్నారు.

“కాకపోతే కాకపోయారు, అరవడమెందుకు? ఇప్పుడు నాకు వినపడుతోందిగా,” అంది టీచరమ్మ.

కారెక్కాక ఆమె రోడ్డునీ, అతను వైపర్లనీ తెగ శ్రద్ధగా చూశారు. వైపర్లు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి.

అలా మరో మూడిళ్ళు తిరిగారు. మోకాలి లోతు నీళ్ళున్న వీధిని పిచ్చుక నిదానంగా దాటింది. ఎత్తు రోడ్డు ఆయాసపడుతూనే ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. ఎత్తు ఎక్కిన ప్రతిసారీ ఆమె స్టీరింగ్‌ని తట్టి, “థాంక్స్ రా తల్లీ,” అనేది. మొదటిసారి అతనికి నవ్వొచ్చింది. మూడోసారి నవ్వు రాలేదు.

చివరిది ఓ దర్జీ ఇల్లు. “ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాను. మీరు రాసుకుంటూ ఉండండి,” అని ఆమె తాళాలు కారులోనే వదిలి, దిగి వెళ్తూ గొడుగు కింద నుంచి ఇంకేదో చెప్పింది. అతను తలూపాడు.

దర్జీతోపాటు ఆయన భార్యకీ చెవులు పరీక్షించాల్సొచ్చింది. ఇరవై నిమిషాలు గంటైంది. ఆమె వచ్చి కూర్చుని తాళం తిప్పింది.

టక్.

మళ్ళీ తిప్పింది. టక్. అంతే.

ఆమె తల వంచి, చెవి రిక్కించి విని, నెమ్మదిగా వెనక్కి వాలింది. “ఇంజిన్ కాదు. బ్యాటరీలో ప్రాణం లేదు.” కాసేపటికి, అద్దం మీద జారుతున్న నీళ్ళని చూస్తూ, “సరేలెండి, మీరే నెగ్గారు. నాన్నకి నేనే చెప్తాను,” అంది. ఆ స్పష్టమైన గొంతు మొదటిసారి వణికింది.

అతనిలోని కార్ల పేజీ మనిషి ఒక్క క్షణం పొంగిపోయాడు. ముప్ఫై తొమ్మిదో ఫిర్యాదు దొరికింది! నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. రాసిందంతా నిజమైపోతుంది. కానీ పక్కనున్న మొహం చూస్తే నోరు ఊరుకోలేదు.

“నేను... రేడియో వేసుకున్నానండీ.”

“ఎంతసేపు?”

“మీరొచ్చేదాకా.”

“ఇంకా?”

“అద్దాలకి ఆవిరి పట్టిందని ఫ్యాను. వైపర్లు. రాసుకోవాలి కదా, లోపలి లైటు.”

“హెడ్‌లైట్లు ఆర్పెయ్యమని చెప్పి వెళ్ళానే!”

“వినపడలేదు. ఊరికే తలూపాను.”

ఆమె అతని వైపు పూర్తిగా తిరిగింది. ఇప్పుడు తిట్టు ఖాయమనుకున్నాడు. “రేపు షాపుకి రండి. మీకూ ఒక మిషన్ పెడతాను,” అని పకపకా నవ్వేసింది. పొద్దుట్నుంచీ ఆగిన నవ్వంతా ఒక్కసారిగా వచ్చేసింది. అతనికి నిజంగానే కాసేపు ఇంకేమీ వినపడలేదు.

ఆమె సెకండ్ గేర్‌లో పెట్టుకుని కూర్చుంది. వెనకనుంచి అతను, మెడలో టేపుతో దర్జీ కలిసి తోశారు. పదడుగులు, ఇరవై అడుగులు... పిచ్చుక ఓసారి గింజుకుని, దగ్గి, గుర్రుమంది. ఆనుకున్న కారు ముందుకెళ్ళిపోయేసరికి అతను బురదలో బోర్లా పడ్డాడు. పడ్డచోటనుంచే “స్టార్టయింది!” అని కేకేశాడు, పోటీలో గెలిచినవాడిలా.

సాయంత్రం అతను ఆమె తండ్రి ఎదురుగా, ఆయనవే లుంగీ, చొక్కా వేసుకుని, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, రేడియోతో సహా.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. “అదంతా సరేనయ్యా. నాకు ఒక్కతే కూతురు. దాన్ని ఆ కారులో పంపమంటావా, వద్దంటావా?”

“పంపండి. బ్యాటరీ, బ్రేకులు ఓసారి చూపించి పంపండి. నేను ముప్ఫై ఎనిమిది ఉత్తరాలు చదివాను. కానీ కష్టపడ్డవాళ్ళే ఉత్తరాలు రాస్తారండీ. బాగున్నవాళ్ళు హాయిగా నడుపుకుంటూ పోతారు. ఆ సంగతి నాకు తట్టలేదు. తప్పు నాది.”

ఆయన ముందుకి వంగారు. “ఇదే మాట అచ్చులో రాస్తావా?”

“రాస్తాను.”

రాశాడు. ఎడిటర్ సణిగినా పట్టుబట్టి రాశాడు. ‘మీ పాత చిన్న కారు మీకు చేసిన మేలేమిటో చెప్పండి’ అని పాఠకుల్ని అడిగాడు. ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. పదహారేళ్ళుగా పూలబుట్టలు మోస్తోందని ఒకావిడ రాసింది. ముగ్గురు పిల్లల్నీ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఇదేనని ఒక తండ్రి. గేర్లు గట్టిగా ఉంటాయి, ఏసీ ఉత్త గాలే, అయినా అమ్మబుద్ధి కాదని ఇంకొకాయన. ఇంతమంది థాంక్స్ చెప్పాలనుకుంటూ, చెప్పమని అడిగేవాళ్ళు లేక ఊరుకున్నారా అని అతను ఆశ్చర్యపోయాడు.

ప్రతి ఆదివారం ఆ సంచి మోసుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడు. తండ్రి తప్పులు దిద్దేవారు. కూతురు పైకి చదివేది. పనైపోయాక కూడా అతనికి లేవబుద్ధయ్యేది కాదు.

ఆరునెలలు గడిచాయి. ఓ సోమవారం ఆఫీసులో ఉత్తరాలు విప్పుతుంటే తెలిసిన చేతిరాత కనపడింది.

‘ఏడేళ్ళు దాటింది. ఒక్కసారే ఆగింది. ఆ రోజు ఆగకపోయి ఉంటే, అడక్కుండానే తన తప్పు ఒప్పుకునే మనిషి పక్క సీట్లో ఉన్నాడని నాకు తెలిసేదే కాదు. నడిచిన రోజులన్నిటికీ దానికి థాంక్స్. ఆగిన రోజుకి మాత్రం ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.’

అతను సగం తాగిన టీ అలాగే వదిలేసి షాపుకి పరిగెత్తాడు.

“ఆ ఉత్తరం పేజీలో వెయ్యను,” అన్నాడు రొప్పుతూ.

ఆమె చేతిలోని మిషన్ కింద పెట్టింది. “ఎందుకు?”

“అది పత్రిక్కి రాలేదు. నాకొచ్చింది. నాకూ అదే మాట ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం. ఎప్పట్నుంచో చెప్పాలని, అడిగేవాళ్ళు లేక...”

“అడిగానుగా,” అంది ఆమె మెల్లగా. ఆ మాట అతనికి ఎంత మెల్లగా అన్నా వినపడింది.

సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళారు. ఆమె టీ వంకతో వంటింట్లోకి తప్పుకుంది. అతను తడబడుతూ విషయం చెప్పాడు. తండ్రి అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“వాళ్ళమ్మ పోయాక ఈ ఇంట్లో ఇది గట్టిగా నవ్వగా నేను వినలేదయ్యా. ఈ ఆరునెలలుగా ప్రతి ఆదివారం వింటున్నాను. వద్దంటానా?”

“నాన్నా, నాకన్నీ వినపడుతున్నాయి!” వంటింట్లోంచి గొంతు, నవ్వుతోనూ ఏడుపుతోనూ.

“వినపడాలనే అన్నానమ్మా,” అన్నారాయన.