నురగ రాని మందు

ఉదయం తొమ్మిదీ పదికి ఆసుపత్రి వెనక గేటు దగ్గర మందుల వ్యాన్ డ్రైవర్ మెడలో ఒకటి, గుండెలో రెండు బుల్లెట్లు దిగాయి. ముందుకు వాలిన తల హారన్‌ని నొక్కేసింది. మోత ఆగకపోయేసరికి సెక్యూరిటీ గార్డు తిట్టుకుంటూ వచ్చాడు. అద్దం నిండా రక్తం చూసి అక్కడే చతికిలబడ్డాడు.

పది గంటలకు ఒక జెరాక్స్ షాపు వెనకగదిలో పెద్దాయన, అంటే సీక్రెట్ సర్వీస్ చీఫ్, నత్తకి బ్రీఫింగ్ ఇచ్చాడు.

నత్త మన ఏజెంటు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. మనిషి నిదానం, అంటుకున్నాడంటే మాత్రం వదలడు. పదకొండేళ్ల సర్వీసులో ఏడుగురు విదేశీ గూఢచారుల్ని పట్టుకున్నాడు. వాళ్లలో నలుగురు విచారణ దాకా బతకలేదు.

వ్యాన్‌లో వచ్చింది కాన్సర్ మందు. రెస్ట్రిక్టెడ్ డ్రగ్. దేశం మొత్తానికీ నెలకు ఆరే సీసాలు వస్తాయి, కమిటీ లిస్టులో పేరున్న ఆరుగురికే ఎక్కిస్తారు. ఆ ఆరుగురిలో ఒకావిడ మిలిటరీ కోడ్ రూమ్ ఆఫీసరు. ఇవాళ పదకొండుకి ఆవిడ డోసు.

"చంపినవాళ్లు మందుపెట్టె ముట్టుకోలేదు. సీలు కూడా బాగానే ఉందని మన 'పట్టు' చెప్పింది. మరి డ్రైవర్ని ఎందుకు చంపారు? అది కనుక్కో," అన్నాడు పెద్దాయన.

పట్టు డబుల్ ఏజెంటు. మూడేళ్లుగా విదేశీ ముఠాలో మన మనిషి, పైకి మాత్రం ఆ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆమె నడిచి వెళుతుంటే స్ట్రెచర్ మీద వాళ్లు కూడా తల తిప్పి చూస్తారని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు.

లేవబోతున్న నత్తని, అమ్మగారెలా ఉన్నారని పెద్దాయన అడిగాడు. అలాగే ఉందన్నాడు నత్త. అది అబద్ధం. అదే ఆసుపత్రి రెండో అంతస్తులో ఆవిడ రోజురోజుకీ కరిగిపోతోంది. పోయినేడు ట్రయల్‌లో ఇదే మందు రెండు డోసులు పడేసరికి లేచి నడిచింది. తర్వాత ట్రయల్ మూసేశారు, లిస్టు పెట్టారు. మూడుసార్లు అప్లికేషన్ పెడితే మూడుసార్లూ ఒకే ముక్క రాసి పంపారు: వయసు మీరింది. రాయబార కార్యాలయాల్లో ఇనప్పెట్టెలు తెరిచిన మనిషికి ఆ కమిటీ గది తలుపు తెరుచుకోలేదు. ఆ కాగితాలు గుర్తొస్తే నత్తకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పదీ నలభైకి ఫ్రిజ్ మెకానిక్ వేషంలో, భుజాన టూల్ బ్యాగుతో, మూడో అంతస్తు ఫార్మసీలో అడుగుపెట్టాడు.

"ఎన్ని డిగ్రీలు చూపిస్తోందండీ?" అన్నాడు. కోడ్ అది.

"మీరొచ్చాక రెండు పెరిగింది," అంది పట్టు, కళ్లతోనే నవ్వుతూ. జవాబు కూడా సరిపోయింది.

డ్రైవర్ని కాల్చినవాళ్లు పారిపోయారనీ, మందు భద్రంగానే ఉందనీ చెప్పింది. ఐదు సీసాల మందు డ్రిప్ బ్యాగుల్లో కలిపి వార్డుకి పంపేసిందట, ఆరోది ఇంకా కలపాలట. ఆ సీసా చేతిలోకి తీసుకుని రెండుసార్లు బలంగా కుదిపి, లైటు కేసి పట్టుకుంది.

"చూడు. ఎంత తేటగా ఉందో."

నత్త చూశాడు.

పోయినేడు తల్లి మంచం పక్కన కూర్చుని, నర్సు అటు తిరిగినప్పుడు, సాయం చేస్తున్నాననుకుని అతను కూడా ఈ మందు సీసాని ఇలాగే కుదిపాడు. మూత దాకా తెల్లటి నురగ పొంగింది. నర్సు లాక్కుని, ఇదేమన్నా దగ్గు మందా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ మందుని కుదపకూడదు, బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పాలి. కుదిపితే పనికిరాదు. ఆ సీసా పారబోశారు. ట్రయల్ మూసేలోగా మూడు డోసులు పడాల్సిన అమ్మకి తన చేతులారా రెండే మిగిల్చాడు. ఆ నురగ అతను చచ్చినా మరిచిపోడు.

పట్టు చేతిలోని సీసాలో ఒక్క బుడగ కూడా లేదు.

"అసలు మందు ఎక్కడ?" అన్నాడు.

ఆమె దాచే ప్రయత్నం చెయ్యలేదు. జేబులోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. కోల్డ్ రూమ్ తలుపు తీసుకుని, వార్డు బాయ్ యూనిఫాంలో ఇద్దరు దిట్టంగా ఉన్నవాళ్లు వచ్చారు. ఒకడి చేతిలో స్టీలు పెట్టె ఉంది.

డ్రైవర్ కూడా ముఠా మనిషేనట. మందు తీసి విషం సీసాలు పెట్టి, దొంగ సీలు వేశాక, నోరు విప్పకుండా వాణ్ణి లేపేశారట. పదకొండుకి ఐదుగురు పేషెంట్లూ పోతారు. మందు బ్యాచ్ చెడిపోయిందనుకుంటారు. అందులో కోడ్ రూమ్ ఆఫీసరు హత్య ఉందని ఎవరికీ తట్టదు.

"ఫోన్ తియ్యకు, జామర్ ఉంది," అంది పట్టు. పెట్టె తెరిచి చూపించింది. "ఆరు సీసాలు. పూర్తి కోర్సు. మీ అమ్మ మళ్లీ నడుస్తుంది. నువ్వేం చెయ్యక్కర్లేదు, పదకొండు దాకా ఆ స్టూలు మీద కూర్చో, చాలు."

నత్త కూర్చున్నాడు.

నాటకం కాదు, నిజంగానే కూర్చున్నాడు. అమ్మ వరండాలో నడుస్తున్నట్టు కళ్లకి కట్టింది. అర నిమిషం పాటు ఆ ఐదుగురూ చస్తే చావనీ అనుకున్నాడు. అప్పుడే, వార్డులో మందు ఎక్కించే ఐదు కుర్చీల పక్కన కూడా ఇలాంటి స్టూళ్లే ఉంటాయని గుర్తొచ్చింది. వాటి మీద ఎవరో కొడుకు, ఎవరో కూతురు కూర్చుని, బ్యాగులోంచి పడే చుక్కల్ని లెక్కపెడుతుంటారు.

లేస్తూనే స్టూలుని మొదటివాడి మోకాలికేసి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినపడింది. వాడు వంగేసరికి రెంచితో దవడ పగలగొట్టాడు. రెండోవాడు వెనకనుంచి మెడకి వైరు బిగించాడు. నత్త బ్యాగులోంచి ఫ్రిజ్ గ్యాస్ డబ్బా లాగి భుజం మీదుగా వాడి కళ్లలోకి వదిలాడు. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో తయారైన డబ్బా అది, క్షణంలో కనురెప్పలు గడ్డకట్టాయి. వాడి అరుపు పూర్తవకముందే తల స్టీలు సింక్ అంచుకి తగిలి చిట్లింది.

పట్టు కాల్చింది. బుల్లెట్ నత్త ఎడమ భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. ఆమె పెట్టె మూసి తీసుకుని కారిడార్‌లోకి పరిగెత్తి, మెట్ల రెయిలింగ్ అవతలికి చాపి పట్టుకుంది. కింద మూడు అంతస్తుల లోతు. టైము పదీ యాభై ఎనిమిది.

"అటు వార్డు, ఇటు మీ అమ్మ. ఏది కావాలో తేల్చుకో," అంది. వదిలేసింది.

నత్త వార్డు వైపు పరిగెత్తాడు. వెనక సీసాలు పగిలిన చప్పుడు వినపడింది. పరిగెడుతూనే ఏడ్చాడు.

నర్సు అప్పుడే ఐదు డ్రిప్పులూ వదిలింది. మందులో విషం ఉంది, ఆపమని అరిచాడు. రక్తం కారుతున్న మెకానిక్‌ని చూసి ఆమె కొయ్యబారిపోయింది. రెండోసారి అరిచేసరికి ఒక్కొక్క క్లాంపూ మూసుకుంటూ వచ్చింది. నాలుగు మూసింది. ఐదోది కోడ్ రూమ్ ఆఫీసరుది, అందరికంటే ముందు వదిలింది. ట్యూబులో మందు ఆవిడ మణికట్టుకి రెండంగుళాల దూరంలో ఉంది. నత్త దూకి సూదికి పైన ట్యూబుని పిడికిట్లో మడిచి పట్టుకున్నాడు.

గుమ్మంలో పట్టు పిస్టల్ ఎత్తింది. ట్యూబు వదిలితే ఆఫీసరు పోతుంది, వదలకపోతే ఇద్దరూ పోతారు. గాయపడ్డ చేత్తోనే ఖాళీ డ్రిప్ స్టాండు లాగి ఈటెలా విసిరాడు. దాని కొక్కెం పట్టు గొంతులో దిగింది. పిస్టల్ సీలింగులోకి పేలింది. ఆమె గోడకి జారి, తెల్లకోటు ఎర్రబడుతుండగా, రెండు కాళ్లూ కొట్టుకుని ఊరుకుంది.

"ఇక వదులు బాబూ," అంది ఆఫీసరు చాలాసేపటికి. "సూది తీసేసి ఐదు నిమిషాలైంది."

మధ్యాహ్నం పెద్దాయన స్టీలు పెట్టెతో వచ్చాడు. ఐదు సీసాలు నుజ్జు. ఒకటి మాత్రం, కుదుపంతా స్పాంజి గూడే పీల్చుకోవడంతో, పగలకుండా ఉంది. టెంపరేచర్ రికార్డర్ ఆరు డిగ్రీలు చూపిస్తోంది. డాక్టరు పరీక్షించి మందు నిక్షేపంలా ఉందన్నది. లిస్టులో వాళ్లకి రేపు విమానంలో కొత్త స్టాకు వస్తోంది. కానీ ఒకసారి దొంగల చేతిలో పడ్డ సీసాని లిస్టులో ఎవరికీ ఎక్కించకూడదు. ఇవాళే నాశనం చేసి, బాధ్యుడైన ఆఫీసరు ఫారం నింపాలి. అది రూలు.

"బాధ్యుడివి నువ్వే," అన్నాడు పెద్దాయన, సీసానీ ఫారాన్నీ చేతిలో పెట్టి. "నేను చూడక్కర్లేదు." నత్త నోరు తెరిచేలోగా లిఫ్ట్ ఎక్కేశాడు.

ఒక్క డోసుతో జబ్బు నయం కాదనీ, రెండు మూడు నెలలు తేలిగ్గా ఊపిరి తీసుకుంటుందనీ డాక్టరు ముందే చెప్పింది. నత్త అదే పదివేలనుకున్నాడు. కుట్టు టీచరుగా రిటైరైన తల్లి మాత్రం అతని భుజం కేసే చూస్తూ, ఈ కుట్లు ఎవరు వేశార్రా, వరసా పద్ధతీ లేదు, అని సణుగుతోంది. పక్కనే కూర్చుని, కుడిచేత్తో ఫారం నింపాడు.

నాశనం చేసిన స్థలం: రెండో అంతస్తు, పద్నాలుగో మంచం. విధానం: చుక్క చుక్కగా. పట్టిన సమయం: తొంభై నిమిషాలు.