జానకి పన్నీరు బుడ్డి

"జర ఆగున్రి! గది కరిగియ్యకున్రి!"

వానలో తడిసి ముద్దయిన ఒకడు కేసముద్రంలోని వీరేశం వెండి దుకాణంలోకి చెప్పులతోనే దూసుకొచ్చాడు. కుంపటి ముందు కూర్చున్న వీరేశం కూతురు కరుణ, చేతిలోని పన్నీరు బుడ్డిని గభాలున వెనక్కి దాచుకుంది.

"ముందు చెప్పులిడువున్రి. ఇది దుకాణం, మార్కెట్ యార్డు కాదు."

అతను నాలుక కరుచుకుని చెప్పులు విడిచాడు. పేరు సాకేత్. భూపాలపల్లి బొగ్గు గనిలో ఇంజనీరు. పాత వెండి సామాన్లు పోగుచేయడం అతని పిచ్చి. గంధపు గిన్నెలు, కుంకుమ భరిణెలు, అత్తరుదాన్లు క్వార్టర్ నిండా ఉన్నాయట.

"పని దినాలల్ల బొగ్గు, సెలవు దినం వెండా?" అంది కరుణ.

"బొగ్గుల ఉండీ ఉండీ, మెరిసేది ఏది కనవడ్డా పానం గుంజుతది," అన్నాడు ఆమెనే చూస్తూ.

కరుణ ముఖం వేడెక్కింది. కుంపటి సెగలే అని సరిపెట్టుకుంది. "మా ఇంట్ల ఒక రివాజున్నది. సామాన్ మీద ఏ పేరు కొట్టి ఉంటే ఆ పేరు పిలుస్తం. పలికితే కరిగియ్యం. పలకకుంటే కుంపట్లకే."

"ఎవరన్న పలికిన్రా?"

"ఇప్పటిదాక లేదు."

పొడుగాటి మెడ, పైన మొగ్గలాంటి మూత, అడుగున వంకర అక్షరాల్లో 'జానకి'. పొద్దున్నే ఎవరో మహబూబాబాద్ నుంచి తెచ్చి అమ్మిపోయిన బుడ్డి అది. కరుణ అలవాటుగా పిలిచింది.

"జానకీ!"

తిరుగుతున్న ఫ్యాన్ ఆగిపోయింది. బుడ్డి అరచేతిలో మంచులా చల్లబడింది. ఏళ్ల తరబడి ఎండిపోయిన ఆ బుడ్డి దానంతటదే వంగి, సాకేత్ నుదుటి మీద చుక్కలు చిలకరించింది. పన్నీరు వాసన గుప్పుమంది.

"వానల తడిసిన గదా... గందుకేనేమో," అన్నాడతను నుదురు తుడుచుకుంటూ.

"వానకు పన్నీరు వాసనుంటదా?" అంది కరుణ.

అలికిడికి లోపలి నుంచి ఆమె నాయనమ్మ వజ్రమ్మ వచ్చింది. బుడ్డి చూడగానే గడప మీదే కూలబడింది.

"మా అక్కది! తన పెండ్లినాడు పెండ్లికొడుకు మీద నేనే పన్నీరు చల్లుత అని జిద్దు చేసి, పందిట్ల నిలవడ్డది. ఆనాడు వాగొచ్చింది, మొగపెండ్లోల్లు దాటలే. మల్ల ముహూర్తం పెట్టేలోపు జరమొచ్చి పోయింది." కొంగుతో కళ్లు తుడుచుకుని సాకేత్ వైపు చూసింది. "ఇన్నేండ్లకు నీ మీద చల్లింది. ఎవరి పిలగానివి బిడ్డా?"

జానకి పలికింది కాబట్టి బుడ్డిని కరిగించలేదు. దయ్యమున్న సామాన్ అమ్మితే దుకాణం పేరు పోతుందని వీరేశం అమ్మనూ లేదు. సాకేత్ మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. జానకమ్మను చూసి పోదామని అనేవాడు గానీ, చూపులన్నీ కరుణ మీదే.

శనివారం వచ్చిందంటే కరుణకు కాలు నిలిచేది కాదు. దుకాణంలో ఒంటరిగా ఉంటే, పక్కనే ఎవరో నిలబడి వీధిలోకి చూస్తున్నట్టు, మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. భయమేసేది. తనూ అలాగే ఎదురుచూస్తున్నానని తెలిసి ఇంకా భయమేసేది.

అతనితో ఆ మాట చెప్పేలోపే జనగామ నుంచి సంబంధం వచ్చింది. ఆదివారమే పెళ్లిచూపులు.

దయ్యం లేదు, గియ్యం లేదని తేల్చేయడానికి వీరేశం ఆ బుడ్డి నిండా కొత్త పన్నీరు పోసి వచ్చినవాళ్ల మీద చల్లబోయాడు. చుక్క రాలలేదు. బోర్లించి విదిలించినా రాలేదు. పెళ్లికొడుకు మెడ తడుముకున్నాడు.

"నా ఎన్క ఎవరో నిలవడ్డట్టున్నది..."

అప్పుడే సాకేత్ వాకిట్లో అడుగుపెట్టాడు. బుడ్డి వీరేశం చేతిని వాకిలి దాకా లాక్కుపోయి, అతన్ని తల నుంచి కాళ్ల దాకా తడిపేసింది. జనగామవాళ్లు చాయ్ కూడా తాగకుండా లేచారు.

"నాయినా, నాకు గీయననే ఇష్టం!" మెల్లగా చెబుదామనుకుంది కరుణ. అరుపే వచ్చింది.

వీరేశం తన చేతిలోని ఖాళీ బుడ్డిని చూశాడు. "మా పెద్దమ్మనే ఒప్పుకున్నంక నేనెవన్ని?"

సాకేత్‌తో నిశ్చితార్థమైన మర్నాడు కరుణ బుడ్డిని ఒళ్లో పెట్టుకుని పిలిచింది. "జానకీ!"

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. వాసన లేదు, చల్లదనం లేదు. పక్కన ఎవరూ లేరని కరుణకు తెలిసిపోయింది. దుఃఖం ఆగలేదు.

ఇంకా భయం తీరని వీరేశం కుంపటి రాజేశాడు. "పలకలే. రివాజు రివాజే."

"ఆగు మామా!" సాకేత్ బుడ్డిని అందుకుని తిరగేశాడు. పాత పేరు కింద కొత్త అక్షరాలు మెరుస్తున్నాయి. పొద్దున్నే కరుణ కొట్టించుకున్న పేరు. అతను మెల్లగా పిలిచాడు.

"కరుణా!"

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆఁ... ఈడనే ఉన్న."

వజ్రమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి కుంపట్లో పోసింది.