ట్రిబ్యూన్ కుర్చీలో నూకరత్నం

"అడ్డుకుంటున్నాను" అంది నూకరత్నం. కుర్చీ చేతి మీద పచ్చ లైటు వెలగాలి. వెలగలేదు.

"సంరక్షకుడి అనుమతి కావాలి" అంది కుర్చీ, చాలా మర్యాదగా, ఆడగొంతుతో.

ఎండుచేపలమ్ముకునే నూకరత్నం ఆ రేవు పట్టణం ఎన్నుకున్న మొదటి ట్రిబ్యూన్. రెండున్నర వేల ఏళ్ల కిందట రోమ్‌లో సామాన్యులు పోట్లాడి తెచ్చుకున్న పదవి అది. పెద్దల సభ ఏం తీర్మానించినా సామాన్యుల మనిషి ఒక్కడు లేచి "వీటో", అనగా అడ్డుకుంటున్నాను, అంటే అది ఆగిపోవాలి. డాక్టర్ పరంజ్యోతి ఆ పదవికి మెషీన్ తయారుచేశాడు. ఈ కుర్చీయే అది; కూర్చున్న మనిషి గొంతునీ నాడినీ గుర్తుపట్టి తీర్మానాన్ని సర్వర్లో లాక్ చేస్తుంది. ఒకసారి పడ్డాక, వేసిన మనిషి పదవి పోయినా వీటో పోదు.

ఆనాటి తీర్మానం రేవుపేట కాన్పుల ఆసుపత్రిని కూల్చి ఐస్ ఫ్యాక్టరీ కట్టడం గురించి.

"సంరక్షకుడేంటి బాబూ?"

పరంజ్యోతి గొంతు సవరించుకున్నాడు. "రోమన్ చట్టమంతా లోడ్ చేశామమ్మా. అక్కడ ఆడవాళ్లు ముఖ్యమైన పనేది చెయ్యాలన్నా ఒక మగాడు ఒప్పుకోవాలి. అసలు ఈ పదవే వాళ్లకి లేదు, అది మార్చాం. ఇంకో చాప్టరుందని చూసుకోలేదు."

"మీకు అడ్డం రాలేదు. ఎందుకు చూస్తారు?"

గ్యాలరీలో ఆమె భర్త సన్యాసయ్య లేచాడు. ఐస్ ఫ్యాక్టరీలో అతనికి మేనేజర్ ఉద్యోగం ఖాయమైంది. "నేనొప్పుకోను. లెగిసి రా, జనం నవ్వుతున్నారు."

ఆమె అతని వైపు చూడలేదు. "ఆ దేశంలో వీళ్లని వదిలించుకునే దారే లేదా?"

"ఉంది" అన్నాడు పరంజ్యోతి. "మూడు కాన్పులైతే సంరక్షకుడక్కర్లేదు."

నూకరత్నానికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఇద్దరికి మించి పిల్లలుంటే పదవికి అనర్హులని ఆ పట్టణం రూలు. అందుకే నామినేషన్ రోజున సన్యాసయ్య కూతురు పైడితల్లిని మరదలి బిడ్డగా రాయించాడు. కొడుకుల్లో ఒకణ్ని రాయించొచ్చని అతనికి తట్టనే లేదు.

"మూడోదాన్ని ఒప్పుకుంటే కుర్చీ పోద్దమ్మా" అన్నాడు కౌన్సిల్ చైర్మన్ మెత్తగా.

"పైడితల్లి కడుపులో అడ్డం తిరిగింది. ఆ ఆసుపత్రి నర్సమ్మ చేతులు లేకపోతే ఇద్దరం ఆ రోజే పోయేవాళ్లం. కుర్చీదేముంది?" ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. "మూడు కాన్పులూ నావే. పైడితల్లి నా కూతురు. అడ్డుకుంటున్నాను."

పచ్చ లైటు వెలిగింది. తీర్మానం లాక్ అయింది. వెంటనే ఎర్ర లైటు వెలిగింది. "మీరు అనర్హులు. దయచేసి దిగండి."

ఆసుపత్రి నిలిచింది. ఉప ఎన్నికలో సన్యాసయ్య గెలిచాడు.

"మీకూ ముగ్గురే కదండీ?" అని పరంజ్యోతి ఉండబట్టలేక అడిగాడు.

"మూడోది తనదని అదే సభలో చెప్పింది. నాదని నేనెక్కడన్నాను? నా కాగితాల్లో ఇద్దరే."

కుర్చీ అతన్ని కాన్పుల సంగతి అడగలేదు. సంరక్షకుణ్నీ అడగలేదు. మగాడి మాట నమ్మమని దానికి రోమ్ నేర్పింది. మన కౌన్సిల్‌కి ఆ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

స్కూల్లో తండ్రి పేరు చెప్పమంటే తొమ్మిదేళ్ల పైడితల్లి, "ట్రిబ్యూన్ గారిని అడగండి టీచర్, వీలుంటే చెప్తారు" అందట.