రేకుల షెడ్డు కాడ మూడో పిలుపు

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉండాది. పొద్దు మునిగినాక ఆ పక్క ఎవురూ నడవరు. నిరుడు నాగరాజు అనే పనోడు ఆ షెడ్డులోనే కరెంటు కొట్టి సచ్చిపోయినాడు. అప్పట్నుంచి... షెడ్డు వెనక పారేసిన మాడిపోయిన ట్యూబులైట్లు, వైరు లేదు ఏమీ లేదు, వాటంతట అవే వెలుగుతాయంట. నవ్వేవాళ్లు నవ్వండి.

గొర్లు మేపే చంద్రప్ప కూతురు పవిత్రకు పని ఆ షెడ్డులోనే. తల్లి లేని పిల్ల, ఇంట్లో వాళ్లిద్దరే. ధర్మవరం పట్టుకు రంగు బాగా పట్టాలని, బట్టను గాజు పీపాలో పెట్టి, గాలంతా లాగేసి, రేడియో అలల మాదిరి వైరు లేకుండా పాకే కరెంటు ఎక్కిస్తారు. లోపల ఊదారంగు వెలుగు మండతా ఉంటాది. బట్ట మాత్రం కాలదు.

"దెయ్యమూ లేదు, పాడూ లేదు నాయనా," అని నవ్వేది పవిత్ర. "మిషను మూత వదులైంది. ఆ కరెంటు బయటికొచ్చి ట్యూబుల్ని వెలిగిస్తాది. మిషను ఆపితే ఆరిపోతాయి."

మూత సంగతి ఓనరుకూ చెప్పిందంట. చూద్దాంలే అన్నాడంట ఆ పెద్దమనిషి.

ఒకనాడు వాన పట్టుకుని చంద్రప్పకు ఆలస్యమైంది. వేరే దారి లేక గొర్లను షెడ్డు పక్కనే తోలినాడు. బిడ్డ ఈపాటికి ఇల్లు చేరింటాది అనుకున్నాడు.

ట్యూబులు... వెలుగుతాండాయి.

గొర్లు నిలబడిపోయినాయి. షెడ్డులోంచి సన్నగా —

"నాయనా..."

పవిత్ర గొంతే! చీకట్లో ఎవురు పిలిచినా మూడోసారి దాకా పలకగూడదు, దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదు — అవ్వ నేర్పిన మాట అది.

"నాయనా..."

టువాలు నోట్లో కుక్కుకున్నాడు. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించినాడు. రాలేదు. దెయ్యమే అనుకుని బిరబిరా గొర్లను తోలుకుపోయినాడు.

ఇంటి తలుపుకు బీగం అట్లే ఉండాది. గడపలో బిడ్డ చెప్పులు లేవు. అప్పుడు గుర్తుకొచ్చింది... మిషను ఆపితే ట్యూబులు ఆరిపోతాయనింది కదా పిల్ల. ఆరలేదంటే లోపల మనిషి ఉన్నట్లే.

పరుగెత్తినాడు, పాపం. మిషను ఇంకా నడుస్తానే ఉండాది. పక్కన పవిత్ర పడి ఉండాది, ఒక చెయ్యి నల్లగా కాలిపోయి. కొంచెం ముందు తెచ్చింటే బతికేదన్నాడు డాక్టరు.

ఇప్పుడా షెడ్డు పాడుబడింది. మిషను ఎత్తుకుపోయినారు, కరెంటు తీగెలు కోసేసినారు. అయినా పొద్దు మునిగితే చాలు, చంద్రప్ప ఆడికే పోయి కూర్చుంటాడు.

మొన్న అమాస నాడు... మాడిన ట్యూబొకటి వెలిగిందంట. లోపల్నుంచి "నా —" అని వినబడీ వినబడకముందే చంద్రప్ప లేచినాడంట.

"వస్తాండా, తల్లీ."