అమావాస్యకు అడ్రస్ మరిచే సర్వర్

"మీ తమ్ముడు సముద్రంలో పోయాడనుకుంటున్నావు. కాదు నూకరత్నం, చంపేశారు," అన్నాడు ఏజెన్సీ చీఫ్ మహేశ్వరరావు. కారు అనకాపల్లి రైల్వేస్టేషన్ బయట ఆగి ఉంది.

ఏజెంట్ నూకరత్నం గిర్రున అతనివైపు తిరిగింది. గత అమావాస్యకు ఫోన్లో "సముద్రం ప్రశాంతం" అని చూశాకే తమ్ముడు కన్నారావు పూడిమడకలో బోటు తీశాడు. గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు.

"ఎవరు సార్?"

"విదేశీ ముఠా. బోట్లకు వాతావరణం చెప్పే వెబ్ సర్వర్ ఈ ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆఫీసులో ఉంది. ప్రతి అమావాస్యకూ ఆఫీసువాళ్ళు దాన్ని ఆపి, తుడిచి, పూజ చేసి ఆన్ చేస్తారు. లేచేసరికి దాని అడ్రస్ ఉండే నెట్‌వర్క్ సెట్టింగులు మాయం! కాసేపు బోట్లకు తప్పుడు సమాచారం వెళ్తుంది. మునిగే బోట్ల వెనక కోస్ట్ గార్డ్ పరుగెడుతుంది. ఖాళీ తీరంలో ఆయుధాలు దిగుతాయి. ఇవాళ అమావాస్య, పైగా వాయుగుండం. మధ్యాహ్నం బోట్లు కదులుతాయి."

"లోపల మన మనిషి?"

"రాజశ్రీ, సర్వర్ ఇంజనీరు. కోడ్ వర్డ్ డిస్టిల్డ్ వాటర్. ముఠా మాత్రం నాకు ప్రాణాలతో కావాలి."

నూకరత్నం మాట ఇవ్వలేదు.

ఖాకీ చొక్కా, చేతిలో షాక్ కొట్టేలా ఏజెన్సీ మార్చిన బేటరీ టెస్టర్, యూపీఎస్ మెకానిక్ వేషం. ఆమె వెళ్ళేసరికి సర్వర్ గది నిండా అగరొత్తుల పొగ. పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో రాజశ్రీ ఎదురొచ్చింది.

"డిస్టిల్డ్ వాటర్ తెచ్చావా?"

"తెచ్చేను మేడం. బేటరీ దాహంగుంది."

రాజశ్రీ గొంతు తగ్గించింది. "సెట్టింగులు ఎందుకు పోతున్నాయో అంతుపట్టడం లేదు. ప్రతిసారీ సాయంత్రానికి నేనే మళ్ళీ కొడుతున్నాను." ఫోన్ మోగితే వరండాలోకి వెళ్ళింది.

నూకరత్నం కీబోర్డు అందుకుంది. అప్పటికప్పుడు కొట్టిన సెట్టింగు మెషీన్ ఆపేదాకే ఉంటుంది. ఫైల్లో రాస్తేనే లేచాక గుర్తుంటుంది. ఫైల్లో రాసి రీబూట్ చేసింది. ఫైల్ ఖాళీ! సర్వర్ లేచినప్పుడల్లా ఏదో ప్రోగ్రాం దాన్ని చెరిపేస్తోంది. ఆ ప్రోగ్రాం పెట్టిన లాగిన్ చూసింది. రాజశ్రీ!

నూకరత్నం పళ్ళు కొరికింది. ప్రోగ్రాం తీసేసి ఫైల్ మళ్ళీ రాసింది. కానీ అడ్రస్ మరిచిన సర్వర్‌కు దొంగ అడ్రస్ అందించి, బోట్లకు ముఠా సమాచారం పంపే పెట్టె ఈ గదిలోనే ఎక్కడో ఉండాలి. ఎంత వెతికినా కనిపించలేదు. కుంకుమ పళ్ళెంతో తిరుగుతున్న అటెండర్ తాతబ్బాయిని ఆపింది.

"బాబాయ్, బొట్టెట్టని మిషనేదైనా ఉందేటి?"

"అపచారం! అన్నిటికీ ఎట్టేను. అమ్మోరి పటం ఎనకాల ఎర్రలైటు పెట్టెక్కూడా ఎట్టేను, సూడు."

నెలనెలా పెట్టిన కుంకుమ అట్టకట్టి, పటం వెనక చిన్న పెట్టె మిణుకుమంటోంది. అమ్మవారి బల్బు అనుకుని ఎవరూ దాని జోలికి పోలేదు.

"వైరు ముట్టుకోకు!" గుమ్మంలో రాజశ్రీ. చేతిలో పిస్తోలు.

"కన్నారావు నా తమ్ముడు. ఆడి పేరైనా తెలుసా నీకు?"

"ఏ బోటు?" అంది రాజశ్రీ.

నూకరత్నం ఒళ్ళు మండిపోయింది. ఒక్క ఉరుకులో గుమ్మం చేరి, టెస్టర్ క్లిప్పులు రాజశ్రీ మణికట్టుకు తగిలించి బటన్ నొక్కింది. షాక్ కొట్టి పిస్తోలు కిందపడింది. మరుక్షణం పెట్టె వైరు పీకి, సర్వర్ రీబూట్ చేసింది.

పూడిమడక ఒడ్డున బోట్ల ఇంజన్లు స్టార్టయ్యాయి. ఇక్కడ స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. తర్వాత అక్షరాలు పరుగెత్తాయి. సర్వర్ తన అడ్రస్‌తోనే లేచింది! జాలర్ల ఫోన్లలో ఎర్రటి హెచ్చరిక వెలిగింది: వేటకు వెళ్ళొద్దు. ఇంజన్లు ఆగిపోయాయని చీఫ్ ఫోన్ చేసి చెప్పాడు.

చేతులకు బేడీలు పడ్డాక రాజశ్రీ ఏడ్చేసింది.

"ముఠా ఓడలో మా ఆయనున్నాడు. కోస్ట్ గార్డ్‌ని చూస్తే గాలివానలోకే పారిపోతాడు. ఓడలోవాళ్ళు ఆ పెట్టె నుంచి వచ్చిన మాటే వింటారు. ఒక్కసారి వైరు పెట్టు. లొంగిపొమ్మని చెప్తాను. నీ కాళ్ళు పట్టుకుంటాను!"

తమ్ముడు కూడా ఫోన్లో మాట నమ్మే వెళ్ళాడు. నూకరత్నం వైరును వేళ్ళకు తీరుబడిగా చుట్టుకుంది.

"ఆగండి మేడం. సిస్టమ్ రీబూటవుతంది."