తల దగ్గర సీటు

రినాయ్ తలుపు తీసేసరికి తండ్రి చాప చుడుతున్నాడు. ఆయన కోసం ఆమె పరిచిన మంచం మీద దుప్పటి మడత కూడా విప్పలేదు.

"మంచం ఏం పాపం చేసింది నాన్నా?"

"మరీ మెత్తగా ఉంది. ఎవరో కిందికి లాగుతున్నట్టుంటుంది." లియాన్ చాపను గోడకు ఆనించాడు. "కాఫీ పెట్టాను. నీ పొయ్యి వెలిగించడం కంటే నా పాత బండి స్టార్టు చేయడం నయం."

ఆయన కొండల్లోని తమ ఊరు బారియో నుంచి తెచ్చిన ఆకు పొట్లాలు బల్ల మీద ఉన్నాయి. మెత్తగా ఉడికించి మెదిపిన కొండ బియ్యపు అన్నం. అమ్మ ఉన్నప్పుడు పొట్లం ముడి ఎప్పుడూ ఎడమవైపుకి ఉండేది. ఇప్పుడు ముడే లేదు, ఆకు రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది. రినాయ్ అది చూసీ చూడనట్టు విప్పింది.

అమ్మ పోయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో నాన్న ఈ మిరి పట్నానికి ఏడాదికి మూడుసార్లు వచ్చేవాడు. రెండు రాత్రులు ఉండి, విమానంలో చోటు దొరకగానే కొండల్లోకి వెళ్లిపోయేవాడు. ఆస్పత్రిలో ఆమె డ్యూటీలు ఎలా ఉన్నాయని ఎప్పుడూ అడగడు. ఆమె మొహంలోకి నేరుగా చూడడు. ఎందుకు చూడడో రినాయ్‌కి తెలుసు. తెలుసనే అనుకుంటోంది.

"పదింటికి బండ్ల షోరూం. ఇదిగో, అన్నీ రాసిపెట్టాను." ఆమె కాగితం ముందుకు జరిపింది. "బేస్ మోడల్ ఒకవైపు, టాప్ మోడల్ ఒకవైపు. నీ బియ్యం అమ్మిన డబ్బుకు నా పొదుపు కలిపితే టాప్ మోడలే వస్తుంది. నడుము నొప్పి మనిషివి, పద్నాలుగు గంటల రోడ్డు. ఆలోచించడానికి ఏముంది?"

లియాన్ కాగితం చూడలేదు. లేచి చొక్కా తొడుక్కుని, తన సంచిలోంచి ఒక సన్నటి పేము బద్ద తీశాడు. చుట్ట చుట్టి ఉంది. ఒక కొసన ముడి. దాన్ని జాగ్రత్తగా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"అదేంటి?"

"కొలత."

"షోరూంలో టేపు ఉంటుంది నాన్నా."

"వాళ్ల టేపుకి నా కొలత తెలియదు," అని ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

* * *

షోరూంలో అమ్మకాలు చూసే హజ్లాన్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రండి అంకుల్. అక్క ఫోన్లో అంతా చెప్పింది. మీ కోసమే కడిగించి పెట్టాం."

డబుల్ క్యాబిన్ పికప్. నల్లగా అద్దంలా మెరుస్తోంది. తోలు సీట్లు, పెద్ద తెర, నాలుగు వైపులా కెమెరాలు. హజ్లాన్ ఒక్కో బటనూ నొక్కి చూపిస్తున్నాడు. రినాయ్ స్టీరింగు ముందు కూర్చుని సీటు ఎత్తు మార్చి చూసింది. తండ్రి కోసం వెనక్కి తిరిగితే ఆయన అక్కడ లేడు.

ఆయన వెనక తలుపు తెరిచి పేము బద్దను సీటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుస్తున్నాడు. ముడి ఉన్న కొస తలుపు దాటి అడుగు మేర బయటికి వచ్చేసింది. ఆయన దాన్ని మళ్లీ చుట్టి, ఏమీ అనకుండా తలుపు వేసేశాడు.

"నడిపేవాడు వెనక సీటు కొలుస్తాడా నాన్నా? ఇటు రా, ముందు కూర్చుని చూడు. బురదలో ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా వెనక చక్రాలకు లాకు కూడా కంపెనీదే వస్తుంది."

"లాకు మన మెకానిక్ ఆ సెంగ్ బిగిస్తాడు."

"బయట బిగించినదానికి మా పూచీ ఉండదు అంకుల్," అన్నాడు హజ్లాన్.

"మా రోడ్డెక్కిన రెండో రోజుకి ఏ బండికీ పూచీ ఉండదు బాబూ." లియాన్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ చక్రాలు తీసేస్తాను. ఈ బంపరు కోసి ఇనుపది పెట్టి, దానికి లాగుడు వించి తగిలిస్తాను. స్ప్రింగులు మార్చేస్తాను. ఇక ఈ తోలు, వారం తిరక్కుండా బురద. పీకి పారేసేవాటికి కూడా డబ్బు పెట్టమంటావా? ఇంజను రెండింటికీ ఒకటేగా?"

హజ్లాన్ రినాయ్ వైపు చూసి, "ఒకటే," అని నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

"బేస్ మోడల్ చూపించు. సింగిల్ క్యాబిన్."

అది షోరూంలో లేదు, వెనక పెరట్లో ఎండలో ఉంది. తెల్లటిది. ఇనుప చక్రాలు, రబ్బరు నేల, లోపల రెండే సీట్లు. మిగతాదంతా పొడవాటి వెనక తొట్టి. లియాన్ అరవై మూడేళ్ల మనిషిలా కాకుండా చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాడు. తొట్టిలో పేము బద్దను పరిచాడు. తిన్నగా పట్టింది. ముడి దాటాక ఇంకా బోలెడు చోటు మిగిలింది.

ఆయన మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. బరువు దించుకున్న మనిషిలా ఉన్న ఆ మొహాన్ని రినాయ్ నాలుగేళ్లలో చూడలేదు. అది ఆమెకు సంతోషం కలిగించాల్సింది. కాని ఒళ్లు మండింది.

"ఇదే," అన్నాడు లియాన్.

"ఇందులో నేనెక్కడ కూర్చోవాలి?"

"ముందు. నా పక్కన."

"అక్కడ నీ బియ్యం మూట కూర్చుంటుంది. వెనకంతా డీజిలు డ్రమ్ములు." ఆమె గొంతు పెరిగింది. "ఇక ఇటు రానని చెప్పడానికి బండి కొనక్కర్లేదు నాన్నా. నోటితో చెప్పొచ్చు. నాకు పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఊళ్లో నీ ఈడు వాళ్లందరూ మనవలు పుట్టగానే మన ఆచారం ప్రకారం విందులు చేసి తాము కొత్త పేర్లు పెట్టుకున్నారు, నువ్వొక్కడివే పాత పేరుతో మిగిలావు. అదీ నా వల్లే. అమ్మ పోవడమూ నా వల్లే. సరే. మరి నా కోసం ఒక్క వెనక సీటు కూడా ఎక్కువైపోయిందా?"

హజ్లాన్ ఫోను చూసుకుంటూ దూరంగా నడిచాడు.

లియాన్ పేము బద్ద చుట్టుకున్నాడు. తరవాత తొట్టిలోంచి దిగాడు.

"సంతకం తరవాత పెడతాను. ముందు ఆ సెంగ్ దగ్గరికి తీసుకెళ్లు."

* * *

రినాయ్ కారు తీసింది. దారంతా నాలుగేళ్ల కిందటి ఫోను కాల్ గుర్తొస్తూనే ఉంది. అమ్మ పొలం గట్టు మీంచి జారి పడింది. తుంటి విరిగింది. కొండల మీద మబ్బు దిగి హెలికాప్టరు రాలేదు. అప్పుడు ఈ నర్సే, ఈ కూతురే, ఫోనులో చెప్పింది: "ఆగొద్దు నాన్నా. తిన్నగా పడుకోబెట్టి రోడ్డు మీద తీసుకొచ్చెయ్. నేను ఎదురొస్తాను." ఆమె కలప కంపెనీ క్యాంపు చేరేసరికి అమ్మను బల్ల మీద తిన్నగా పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పి ఉంచారు. "కాళ్లు చాచుకుని నిద్రపోయింది, నిద్రలోనే పోయింది," అన్నాడు నాన్న. అంతే. ఆ మాట తరవాత నాలుగేళ్లు మౌనం. మర్నాడు మధ్యాహ్నానికి మబ్బు విడిపోయిందని ఆమెకు ఎవరో చెప్పారు. నాన్న మాత్రం చెప్పలేదు.

ఆ సెంగ్ షెడ్డులో బండి కంటే విప్పిన సామానే ఎక్కువ. ముప్పై ఏళ్లుగా కొండ బండ్లకు ఆయనే వైద్యుడు. నోట్లో వెలిగించని సిగరెట్టుతో వచ్చాడు.

"ఏం లియాన్, కూతురు టాప్ మోడల్ కొనిస్తోందా? వాటి బంపరు కోస్తే లోపల కంప్యూటరు ఏడుస్తుంది. నేను ఇనుము అతకగలను గాని ఏడుపు ఆపలేను."

"బేస్ మోడలే."

"బతికించావు. మంచం సిద్ధం, కొలత ఒకసారి చూపించు."

మంచమా? రినాయ్ వాళ్ల వెనకే లోపలికి నడిచింది.

షెడ్డు మూలన ఇనుప గొట్టాల చట్రం ఉంది. దానికి బిగుతుగా లాగి కట్టిన గట్టి గుడ్డ. నాలుగు మూలలా నాలుగు స్ప్రింగులు. ఆ సెంగ్ అరచేత్తో నొక్కితే మంచం మెల్లగా దిగి మెల్లగా లేచింది. తల వైపు ఒక చిన్న మడత సీటు వెల్డు చేసి ఉంది.

లియాన్ పేము బద్దను మంచం మీద పరిచాడు. కొసా కొసా కలిశాయి.

"ఎవరికిది?" అంది రినాయ్.

"ఎవరికైనా. ఈసారి మబ్బు పడితే మళ్లీ రోడ్డే కదా."

ఆమె పేము బద్దను అందుకుంది. ముడి దగ్గర వేళ్లు ఆగాయి. "ఈ కొలత?"

"మీ అమ్మది. శవపెట్టె కోసం కోశాను."

ఆ సెంగ్ సిగరెట్టు జేబులో పెట్టుకుని, పని గుర్తొచ్చినట్టు రోడ్డు వైపుకి వెళ్లిపోయాడు.

రినాయ్‌కి షోరూంలో తలుపు దాటి బయటికి వచ్చిన ఆ అడుగు బద్ద కళ్లముందు కదిలింది. పాత బండి కూడా డబుల్ క్యాబినే. దాని వెనక సీటూ అంతే వెడల్పు.

"కాళ్లు చాచుకుని నిద్రపోయిందన్నావు."

"అన్నాను."

"ఎలా చాచుకుంది నాన్నా?"

లియాన్ మడత సీటు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "చాచుకోలేదు. వెనక తొట్టి పొట్టిది, పైన వాన. సీటు మీదే పెట్టాం. తలుపు వేయాలంటే మోకాళ్లు మడవాలి. విరిగిన కాలు. ఇంకెవరూ ఆ పని చేయలేకపోయారు. నేనే మడిచాను."

రోడ్డు మీద ఏదో లారీ వెళ్లింది. ఆయన అటు చూస్తూనే చెప్పాడు.

"మగాళ్లందరూ ముందు వెళ్లే ఇంకో బండిలో, బురదలో దారి చేస్తూ. నా పక్క సీటు వాల్చి మూటలు పేర్చాం, ఆమె దొర్లి పడకుండా. ఇంకొకరికి చోటు లేదు. తల దగ్గర ఎవరూ లేరు. నేను వెనక్కి తిరగలేను, కళ్లు తిప్పితే లోయ. అందుకని ప్రతి వంతెన దగ్గరా అడిగేవాణ్ని, 'ఉన్నావా' అని. 'ఉన్నాను' అనేది. ఒక చోట అనలేదు. నిద్ర పట్టిందనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా." ఆయన మడత సీటు మూశాడు. "ఆ తరవాత మూడు గంటలు మాట్లాడుతూనే నడిపాను. నీ చిన్నప్పటి సంగతులు, కోతల సంగతులు. క్యాంపులో తలుపు తీసి చూస్తే చెయ్యి చల్లగా ఉంది. ఏ వంతెన దగ్గర పోయిందో నాకు తెలియదు రినాయ్. ఆ రోడ్డు మీద రోజూ తిరుగుతాను. ఏ వంతెనో తెలియదు."

రినాయ్ మంచం చట్రం పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఏడుపు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

"నేనే బయల్దేరమన్నాను. ఒక్క రోజు ఆగమని ఉంటే..."

"నువ్వు నర్సువి. నువ్వే చెప్పు. ఆగితే బతికేదా?"

లోపలి రక్తస్రావం, నిమిషాల లెక్క, అన్నీ ఆమెకు తెలుసు. వేరే ఎవరి అమ్మ గురించైనా అయితే వెంటనే చెప్పేది. చివరికి తల అడ్డంగా ఊపింది.

"మరి నా మొహం ఎందుకు చూడవు? నన్ను తప్పుపడుతున్నావనుకున్నాను. నాలుగేళ్లు నాన్నా."

లియాన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "చూస్తే అడుగుతావు. అడిగితే ఆ అబద్ధం మళ్లీ చెప్పాలి. ఒకసారంటే చెప్పాను." చొక్కా కొసతో ఆమె చెంప తుడవబోయి, గ్రీజు ఉందని మానేశాడు. "ఇక పేరు సంగతి. నువ్వు పుట్టినప్పుడు నేనూ మీ అమ్మా ఒకే విందులో కొత్త పేర్లు పెట్టుకున్నాం. ఆమె నన్ను పిలిచింది ఈ పేరుతోనే. కొత్తది వస్తే ఇది పోతుంది. నాకేం తొందర లేదు."

ఆమె ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఆయన చెయ్యి గాల్లో కాసేపు ఆలోచించి, ఆమె జుట్టు మీద దిగింది.

"గ్రీజు," అంది ఆమె.

"తెలుసు," అన్నాడు, చెయ్యి తీయకుండా.

* * *

నెలన్నర తరవాత తెల్ల బండి షెడ్డులోంచి బయటికి వచ్చింది. బురద టైర్లు, ఇనుప బంపరు, వించి, తొట్టి మీద గట్టి కప్పు. కప్పు లోపల మంచం. డ్రైవరుకీ మంచానికీ మధ్య జరుపుడు కిటికీ కోయించింది రినాయ్ పట్టుబట్టే.

ఆమె వారం సెలవు పెట్టింది. తెల్లవారుజామున సంచి పడేసి వెనక్కి ఎక్కింది.

"ముందు కూర్చోరాదూ? నీ కోసం సీటు కూడా తుడిచాను," అన్నాడు లియాన్.

"ఈ సీటు పనికొస్తుందో లేదో నర్సు చూడాలి కదా. ఇప్పటికే చెబుతున్నా, ఇక్కడొక బెల్టు కావాలి, పట్టుకోవడానికి పిడి కావాలి. ఆ సెంగ్ అంకుల్ ఎప్పుడూ రోగి పక్కన కూర్చోలేదు."

"అతనికి చెబితే టాప్ మోడల్ కొనుక్కోమంటాడు."

తారు రోడ్డు అయిపోయింది. ఎర్రమట్టి మొదలైంది. ఖాళీ మంచం ఆమె పక్కన మెల్లగా దిగి లేస్తోంది. మొదటి దుంగల వంతెన దగ్గర బండి వేగం తగ్గింది. కిటికీలోంచి ఆయన గొంతు వచ్చింది.

"ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా."

రెండో వంతెన. మూడోది. ప్రతిచోటా ఆయన అడిగాడు, ఆమె పలికింది. క్యాంపు దాటారు. ఆ తరవాత వచ్చిన వంతెన మీద బండి బాగా నెమ్మదించింది, కాని ప్రశ్న రాలేదు. కిటికీలోంచి ఆయన వీపు మాత్రం కనిపిస్తోంది. భుజాలు కదులుతున్నాయి. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

రినాయ్ కిటికీలోంచి చెయ్యి చాచి ఆయన భుజం మీద వేసింది.

"నువ్వున్నావా నాన్నా?"

దుంగలు ఒక్కొక్కటిగా చక్రాల కింద మూలిగాయి. బండి అవతలి ఒడ్డుకు చేరాక ఆయన జవాబు చెప్పాడు.

"ఉన్నాను."